ఊరికే చెప్పే పాఠం

తనే పొరపాటున చెరిపేసిందేమో అనుకుంది లెక్కల టీచరు. తప్పేదైనా ముందు తన మీద వేసుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇంటిల్లిపాది ఫోన్లలోనూ కనబడేలా తను పెట్టిన ఉచిత క్యాలెండరులో, ఆ సాయంత్రం నాలుగింటికి చెప్పాల్సిన ఆన్‌లైన్ పాఠం లేదు. దాని చోట ‘చెల్లి – వాషింగ్ మెషీన్ మెకానిక్’ అని ఉంది.

“అన్నయ్యా, నా క్లాసు నువ్వు తీసేశావా?”

“ఇంట్లోనే ఉంటావుగా! వాడి పక్కన కాసేపు నిలబడితే అరిగిపోతావా?” అన్నాడు అన్న, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

“రేపు పిల్లలకి పరీక్ష.”

“ఊరికే చెప్పే పాఠమేగా. జీతమా, బత్తెమా?”

“ఆ క్యాలెండరూ ఊరికే వచ్చిందే. నీ పళ్ల డాక్టరు అపాయింట్‌మెంటు నేనెప్పుడైనా తీసేశానా?”

వంటగదిలో వదిన కిసుక్కున నవ్వింది. “అలా గడ్డి పెట్టమ్మా మీ అన్నకి!”

అన్న మొహం ముడుచుకున్నాడు. “నేను పెద్దవాణ్ణి. ఇంట్లో ఏది ముందో ఏది వెనకో నాకు తెలుసు.”

ఆన్‌లైన్ క్లాసులో పిల్లలంతా కలిసి రాసే పేజీలో పక్కవాళ్ల జవాబు చెరిపేవాళ్లను ఆమె తిట్టదు. వాళ్లకి ఆ పేజీ చూసే వీలు ఉంచి, మార్చే వీలు మాత్రం తీసేస్తుంది. ఇంట్లో ఇన్నాళ్లూ ఆ పని చెయ్యనివ్వనిది మర్యాద అనుకుంది. అది భయమని ఇప్పుడు తెలిసింది.

పాఠాన్ని మళ్లీ నాలుగింటికి పెట్టింది. తర్వాత అన్న పేరు నొక్కి, ‘మార్చవచ్చు’ పక్కనున్న టిక్కు తీసేసింది.