వదిలే ఊపిరి

"ఆ ముసిలోడు వచ్చినప్పట్నించి నన్నే చూస్తా ఉండాడు చారూ. బ్యాగు భద్రం," అన్నాడు నవనీతకృష్ణన్.

కోయంబత్తూరు గాంధీపురంలో డాక్టరు గది ముందు భార్య చారులతతో కూర్చుని ఉన్నాడతను. నలుగురిలో గుట్టు మాట్లాడాలంటే వాళ్లకు ఇంటి తెలుగే. చుట్టూ తమిళం, ఎవరికి అర్థమవుతుందిలే అని ధీమా.

"బ్యాగు నాకెందుకు సామీ? మీరు మూచ్చు అందక, ఊపిరాడక అల్లాడతా ఉంటే చూస్తిని, అంతే," అన్నాడు ముసలాయన, తెలుగులోనే.

చారులత తల దించేసుకుంది. నవనీతకృష్ణన్ సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అంతలో అతనికి ఆ దడ మళ్లీ వచ్చింది. నెలలో ఇది ఆరోసారి. గుండె దడ, ఊపిరి అందదు, ఇక చచ్చిపోతానన్న భయం. పరీక్షలన్నీ చేసి రోగమేమీ లేదు, దిగులే అన్నారు. నూలు మిల్లు యజమాని, పనివాళ్ల పిలుపులో 'చిన్న ముతలాళి', దిగుళ్లకేం కొదవ? ఏసీ హాల్లో ఒక గురువుగారి దగ్గర ప్రాణాయామమూ నేర్చాడు. గుండెల నిండా పీల్చమనేవాడాయన. పీల్చేకొద్దీ భయం పెరిగేది.

"చారూ... పోతా ఉండాను..."

ముసలాయన లేచొచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పీల్చొద్దు సామీ. ముందు వదలండి. మూతి సున్నా చుట్టి ఊదండి. వేడి కాపీ ఊదతామే, అట్లా. మెల్లిగా."

ఊదాడు.

"ఇంకా ఉండాది లోపల. అదీ వదలండి. వచ్చే మూచ్చు గురించి యోచన వద్దు, అది దానికదే వస్తుంది. పోయేదాన్ని చూడండి, చాలు."

పదిసార్లు ఊదేసరికి గుండె దారికొచ్చింది. చిత్రంగా, ముసలాయనే ఎక్కువ ఆయాసపడుతున్నాడు.

"ఎవరు తాతా నువ్వు? యోగా మాస్టరా?"

ఆయన నవ్వాడు. "సుడలై!" అని నర్సు పిలిస్తే లోపలికి వెళ్లిపోయాడు.

ఆ మాటే పట్టుకున్నాడు నవనీతకృష్ణన్. దిగులు కమ్మినప్పుడల్లా వచ్చేదాన్ని మరిచి, పోయేదాన్ని చూశాడు. రెండు నెలల్లో దడ మళ్లీ రాలేదు.

ఒకటే అంతుపట్టలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి తనంటే అంత అక్కర ఎందుకు? ఏమీ అడగలేదే! ఊరికే వచ్చిన సాయాన్ని నమ్మడం ముతలాళులకు చేతకాదు కదా.

చివరికి నర్సునడిగి అడ్రసు సంపాదించి, శాలువా తీసుకుని సింగానల్లూరు వెళ్లాడు. ఒంటి గది ఇల్లు. తలుపు తీసిన ఆమె గబుక్కున చేతులు జోడించింది.

"చిన్న ముతలాళా! రాండి సామీ. నేను ఆయన కూతురు, ఆరాయి."

తనెవరో ఈమెకెలా తెలుసు? మరీ తికమకగా ఉంది.

"నాయన లేడా అమ్మా?"

"పోయి ఇరవై దినాలాయె."

శాలువా చేతిలోనే ఉండిపోయింది.

"ఆ ఊపిరి విద్య... ఎక్కడ నేర్చినాడు?"

"విద్య ఏమి సామీ! ఆస్పత్రిలో నేర్పించిరి. అట్లా ఊదకుంటే ఆయనకి పూట గడవదు. రొమ్మంతా పత్తి దుమ్మే కదా."

"పత్తి దుమ్మా? ఏ మిల్లులో?"

ఆరాయి అతని వంక అయోమయంగా చూసింది.

"మీ మిల్లులోనే సామీ, ఇరవై రెండేండ్లు; 'మన చిన్న ముతలాళికి నేనే మూచ్చు నిలబెడితిని' అని పోయే దినం దాకా మురిసిపోతా ఉండె."