ఖాళీ పెరడు

ఆ రోజు ఇంట్లో ముగ్గురే ఉన్నారు. మేడ మీద గదిలో నాన్న పుల్లారావు. మిర్చి లారీతో గుంటూరు వెళ్లి, తెల్లవారాక వచ్చి పడుకున్నాడు. హాల్లో టీవీ ముందు తాతయ్య సుబ్బరామయ్య. టీవీ పక్కన, చున్నీ కింద డిస్కు దాచుకుని సింధూజ.

టీవీలో ఎవరూ లేరు. ఖాళీ పెరడు, బట్టల తీగ, పెరటి తలుపు.

ఆ కెమెరా సింధూజ కోసమే పెట్టించారు. రెండేళ్ల కిందట గొడవపడి అమ్మ నరసరావుపేటలోని పుట్టింటికి వెళ్లిపోయింది. పోయినేడాది సింధూజ చెప్పకుండా మాచర్లలో బస్సెక్కి ఆమెను చూసొచ్చింది. ఆ వెంటనే పెరట్లో కెమెరా, హాల్లో దాని రికార్డింగు పెట్టె, అక్కడి నుంచి పాత టీవీకి వైరు వచ్చాయి. వీధి తలుపు తాతయ్య కుర్చీకి ఎదురుగానే ఉంటుంది. పెరటి తలుపు టీవీలో కనిపిస్తుంది.

"నువ్వు చూస్తా ఉండు నాన్నా. ఇది గడప దాటితే నన్ను లేపు," అన్నాడు పుల్లారావు.

అప్పటి నుంచి తాతయ్య కన్ను తిప్పలేదు. సింధూజ కాఫీ తెచ్చినా, టీవీ వైపే మొహం పెట్టి చెయ్యి చాపేవాడు. పెరట్లో సైకిలు ఆగగానే "బసవయ్య పాలు తెచ్చాడే" అని కేకేసేవాడు. పిల్లి గిన్నె కదిలిస్తే కూర్చున్న చోటి నుంచే "హుష్, పో" అనేవాడు.

"మా నాన్న ముందు పోలీసోళ్లు ఎందుకు పనికొస్తారు," అని పుల్లారావు వచ్చినవాళ్లకు చెప్పేవాడు. తాతయ్య మురిసిపోయేవాడు. కొట్టుకు వెళ్లడం మానేశాక ఆయనకు మిగిలిన పని అదొక్కటే.

పోయిన వారం స్నేహితురాలు సాదియా ఫోనుకు అమ్మ కబురు పంపింది. తలలో గడ్డ. శుక్రవారం మధ్యాహ్నం ఆపరేషన్. ఏమీ చెప్పలేమన్నారట డాక్టర్లు. లోపలికి తీసుకెళ్లేలోపు బిడ్డను ఒక్కసారి చూడాలట.

సింధూజ నాన్నను అడిగింది. తల ఎత్తకుండా, గుమ్మం పట్టుకుని అడిగింది.

"పోతే అక్కడే ఉండు. మళ్లీ ఈ గడప తొక్కమాక."

సింధూజ కెమెరా పెట్టెలోంచి ఒక మధ్యాహ్నపు ఖాళీ పెరటిని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. పాత టీవీకి పెన్ డ్రైవ్ పెట్టే చోటు లేదు. అమ్మానాన్నల పెళ్లి వీడియో కోసం కొన్న డీవీడీ ప్లేయరు మాత్రం కింది అరలో ఇంకా ఉంది. సాదియా వాళ్ల నాన్న కాలేషాకు బస్టాండు దగ్గర పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే షాపుంది. స్కూల్లో ఎగ్జిబిషన్ అని చెప్పి, ఆయన చేత డిస్కు చేయించుకుంది.

ఇంట్లో పెట్టి చూసింది. కాసేపు బాగానే ఆడింది. తర్వాత వీడియో అయిపోయింది. టీవీ నిండా నీలం రంగు, మధ్యలో ప్లే బొమ్మ. తాతయ్య ఆ నీలం రంగునే చూస్తూ కూర్చున్నాడు. కళ్లు తెరిచే కునుకు తీస్తున్నాడనుకుని సింధూజ గబగబా కెమెరాకు మార్చేసింది.

ఈసారికి బతికిపోయింది. తను నరసరావుపేటలో ఉన్నప్పుడు ఎవరు మారుస్తారు?

మళ్లీ కాలేషా దగ్గరికి పరిగెత్తింది. "ఆగకూడదు బాబాయ్. అయిపోగానే దానంతటదే మళ్లీ మొదలవ్వాలి."

"అయిపోయాక ఎటు పోవాలో డిస్కుకి మనమే చెప్పాలమ్మా. చెప్పకపోతే మెనూ కాడికి పోయి నిలబడిద్ది." కంప్యూటర్లో ఆ వీడియో చివరను తెచ్చి దాని మొదటికే కలిపాడు. మూలనున్న టైము అంకెల మీద నల్ల పట్టీ వేశాడు. "అవును గానీ, ఖాళీ పెరడు చూడ్డానికి మీ ఎగ్జిబిషన్‌కి ఎవురొస్తారే తల్లీ? ఇదిగో, ఈ పిల్లొక్కటే వచ్చేట్టుంది."

తెర మీద పిల్లి గోడ దూకింది.

"పిల్లిని తీసెయ్ బాబాయ్," అంది సింధూజ నేల చూస్తూ. అదే పిల్లి అదే గోడ పదేపదే దూకితే తాతయ్య పట్టేస్తాడు.

శుక్రవారం వచ్చింది. అన్నం, పప్పు బల్ల మీద మూతపెట్టి, డిస్కు వేసింది. పెరడు వచ్చింది. చివరిదాకా ఆడి, ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ మొదలైంది. తాతయ్య కదల్లేదు.

"తాతయ్యా, నేను గదిలో చదువుకుంటా. నాన్న లేస్తే అన్నం బల్ల మీదుంది."

"పో. నేను చూస్తా ఉన్నాగా."

చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి తలుపు తీసింది. సగం పెరడు దాటేసరికి పక్కింటి మోటారు ఆగిపోయింది. కరెంటు పోయింది.

పరిగెత్తాలి. అంతలోనే మోటారు మళ్లీ మోగింది. హాల్లో కెమెరా పెట్టె బీప్‌మంది. కరెంటు పోయొస్తే టీవీ దానంతటదే కెమెరాకు మారిపోతుంది. ఇప్పుడు అందులో డిస్కు ఉండదు. నిజం పెరడే ఉంటుంది. అందులో తను ఉంటుంది.

గాలికి పెరటి తలుపు దభీమని కొట్టుకుంది. లోపల తాతయ్య కుర్చీ కిర్రుమంది. అడుగుల చప్పుడు ఇటే వస్తోంది. ఆయన ఒక్క కేకేస్తే చాలు. నాన్న దిగుతాడు. బస్సు పోతుంది. అమ్మను లోపలికి తీసుకెళ్లిపోతారు.

బతిమాలుకోవడానికి సింధూజ తలుపు దగ్గరికే వెనక్కి వచ్చింది. తాతయ్య గుమ్మంలో నిలబడ్డాడు. చేయి చాస్తే అందేంత దూరం. ఆమె చేతులు జోడించింది. మేడ మీదికి వినపడుతుందని పెదాలు మాత్రమే కదిపింది. కాలు తగిలి పిల్లి పాలగిన్నె దొర్లింది.

తాతయ్య ఆమె కళ్లలోకే చూస్తూ "హుష్, పో" అని అదిలించి, గాలిలో చెయ్యి తడుముతూ తలుపు రెక్కను వెతికి పట్టుకుని, ఆమె మొహం మీదే మూశాడు.