ఇత్తడి రేకులు

"తగ్గించను. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

తలుపుకి అడ్డంగా నిలబడి అరిచాడు పైవాటా అతను. అతని వెనక హాల్లో నిలువెత్తు స్పీకర్లు రెండూ దడదడలాడుతున్నాయి. గుమ్మం ముందు కిందివాటా పెద్దాయన, రేడియో మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవాడు, కోపంగా నిలబడ్డాడు.

"మా ఆవిడకి ఆపరేషనై నాలుగు రోజులైంది. కాస్త కన్నంటుకుంటే చాలు, ఈ మోతకి ఉలిక్కిపడి లేస్తోంది. కుట్లు పిగిలితే నువ్వొచ్చి వేస్తావా?"

"నా ఇల్లు, నా పాట!"

ఏం చెప్పినా ఇంతే. సోమవారం కిటికీలు మూసుకోమంటే బార్లా తెరిచాడు. నిన్న స్పీకర్ల కింద పీటలు వేసుకోమంటే, ఉన్న చాప కూడా లాగేశాడు. ఒళ్లంతా మొండితనమే.

"ఇంకో ఆంప్లిఫయర్ కొంటున్నా. అప్పుడు తెలుస్తుంది మీకు!"

పెద్దాయన ఒక్క క్షణం అతని వంక చూసి, కిందికి దిగాడు. పది నిమిషాల్లో తన ఆంప్లిఫయర్‌ని గుండెలకు ఆనించుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కాడు. స్వయంగా తయారుచేసుకున్న పెట్టె అది. పాతికేళ్లుగా ఎవర్నీ ముట్టుకోనిచ్చింది లేదు.

"కొనడమెందుకు, ఇది పెట్టుకో. ఎలాగూ ఆపవు, వినేదేదో శుభ్రంగా విను. స్పీకర్లో కింది మోతకి నీది, పై గొంతుకి నాది. కానీ ఒక్కమాట బాబూ. స్పీకర్ వెనక పై పిన్నుల్నీ కింది పిన్నుల్నీ కలుపుతూ ఇత్తడి రేకులుంటాయి. ముందు అవి తీసెయ్. తీయకపోతే రెండు ఆంప్లిఫయర్లూ మాడిపోతాయి."

అతను పకపకా నవ్వాడు.

"రేకులు తీస్తే నా స్పీకర్లు చెడతాయి, మీరు హాయిగా పడుకుంటారు! నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా?"

పెట్టె లాక్కుని దబాల్న తలుపేశాడు.

అరగంట తర్వాత పైన ఠప్పుమంది. పాట ఆగిపోయింది. కాలిన వాసన మెట్ల మీదుగా దిగింది, దాని వెనకే అతనూ దిగాడు.

"నా ఆంప్లిఫయర్ కాల్చేశారు! మోసం!"

"నాదీ కాలింది. రేకులు తీశావా?"

అతను విసవిసా వెళ్లిపోయాడు.

"అయ్యో, అపురూపంగా చూసుకునే పెట్టె కూడా పోయిందే!" మంచం మీంచి భార్య నొచ్చుకుంది. "ఆ రేకులు తీయమని గట్టిగా చెప్పలేకపోయారా?"

"గట్టిగానే చెప్పాను." పెద్దాయన ఆమెకి దుప్పటి కప్పాడు. "తీయొద్దంటే తీసేసేవాడు."