టేబులు కింది చప్పుడు

“డ్రిల్లు ఆపు శైలేందరూ! మైకును గోడకు మార్చినవంటే మీ మామ పోతడు,” అని లింగవ్వ అడ్డం నిలబడ్డది.

“మామ పోయి మూడు నెలలాయె గదత్తా!”

లింగవ్వ బిడ్డ, శైలేందర్ పెండ్లాం వనజ ఇంట్లనే కూసొని ప్రకటనలకు గొంతిస్తది. మైకును నిలబెట్టే కొత్త ఆర్మ్‌ను టేబులు అంచుకు బిగించిన నాటి నుంచి రికార్డింగుల టక్కు టక్కుమని మగ్గం చప్పుడు. మగ్గమేమో ఎప్పుడో అమ్ముడుపోయింది. గొల్లభామ బొమ్మల చీరెలు నేసిన తన మొగడు రాజమల్లయ్య పక్కన పిడుగు పడ్డా మగ్గం దిగలే, చచ్చినంక దిగుతడా అని లింగవ్వ వాదన. రోజూ హెడ్‌ఫోన్లు పెట్టుకొని మొగని చప్పుడు వింటది. ఇయ్యాల పొద్దుగూకేలోపు చప్పుడు లేని రికార్డింగు పంపకుంటే వనజకు పని పోతది.

“ఆఖరుసారి వింట బిడ్డా, చదువు.”

వనజ చదివింది. లింగవ్వ కండ్లు మూసుకున్నది. “అగో, వచ్చిండు!”

శైలేందర్‌కు టేబులు కింద ఏదో కదిలినట్టనిపించింది. టేబులు కిందికి వంగి చూసిండు.

“వనజా, నీ కాళ్ళు...”

చిన్నప్పుడు బాపు పక్కన మగ్గం గుంటల కూసొని పలకలు తొక్కినట్టే, వనజ పాదాలు ఒకదాని వెనక ఒకటి లేచి టేబులు కింది కడ్డీకి తాకుతున్నయి; ఆ అదురే పైన మైకుకు ఎక్కుతున్నది. ఆమె బెదిరి ఆపింది. మళ్ళ చదివితే మళ్ళ వాటంతటవే లేచినయి.

వనజ తన తల్లి చెవులకున్న హెడ్‌ఫోన్లు మెల్లగ తీసింది. ఆమె అరచేతిని తన మోకాలి మీద పెట్టుకొని చదువుకుంటపోయింది.

మగ్గం తొక్కుతున్నట్టు కదిలే ఆ మోకాలి మీంచి లింగవ్వ చాలసేపు చెయ్యి తియ్యలేదు.

“గోడకే కొట్టు,” అన్నది శైలేందర్‌తో, తలెత్తకుండ.