రెండు గుమ్మాలు

సికింద్రాబాద్‌లోకి యూనియన్ సైన్యం వచ్చిన రోజు కార్ఖానా వైపు వెళ్ళిన మా ఆయన పన్నెండు రోజులైనా తిరిగి రాలేదు.

ఏళ్ళనాటి కీళ్ళవాపుకు తోడు, ఆ వారం నుంచే నా చేతులు తిమ్మిరెక్కాయి. ప్రతిదీ రెండుగా కనపడసాగింది.

డాక్టరుగారు ఇంటికొచ్చి వేలు చూపారు. “ఎన్ని వేళ్ళు, బిడ్డా?”

“రెండు.”

“ఒక్కటే చూపిన. ఉన్నదల్లా నీకు రెండు కనబడుతున్నది. ఎందుకో నాకే సమజైతలేదు.”

అంతలో మా ఆయన గుమ్మంలోకి వచ్చారు. కొంగు నెత్తిమీదికి లాక్కొని గబుక్కున లేచాను.

“ఏందే, గట్ల లేచినవ్? ఎవరొచ్చిండ్రు?” అని అత్తమ్మ అడిగింది.

ఆయన పేరు పలకకూడదు కదా! “మీ కొడుకే,” అన్నాను సిగ్గుగా.

ఇద్దరు అత్తమ్మలు రెండు గుమ్మాల వైపు ఉరికారు.

ఆయన మాత్రం ఒక్కరే ఉన్నారు.