మగ దోమ

“దోమలు వడుతున్నవా బిడ్డా? మా ఇంటికి రా, గంపెడు దొరుకుతయ్.”

పొలం గట్టు మీద తుంగలో వల ఆడిస్తున్న శ్రీలత తల తిప్పింది. కలుపు తీస్తున్న ముసలామె. పేరు నర్సక్క అట.

“కుట్టే దోమ గాదవ్వా. తుంగ రసం తాగే దోమ. నువ్వుగింజంత ఉంటది. ఇప్పటిదాక ఎవలూ పేరు వెట్టని జాతి.”

“దొరికిందా మరి?”

“ఆడది దొరికింది. మగది గూడ సూపిస్తెనే కొత్తదని ఒప్పుకొని పేరు వెట్టనిస్తరు.”

నర్సక్క నడుము మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

“గీడగూడ మొగోడే గావాల్నా?”

శ్రీలతకూ నవ్వొచ్చింది. కానీ వెల్గటూర్‌కు జీపులో వచ్చిపోవడం ఇది మూడో రోజు. సీసాలో అన్నీ రెక్కలు విరిగిన వేరే పురుగులే.

చదువుకునే రోజుల్లో ప్రేమ్‌సాగర్ సార్ భూతద్దం కింద పెట్టి చూపిన పురుగులు గుర్తొచ్చాయి. ఒక్కదానికీ రెక్క చెదరలేదు. వాటిని చూసే తను ఈ చదువులోకి వచ్చింది.

సాయంత్రం జీపు ఎక్కుతుంటే నర్సక్క వచ్చి అరచేతిలో ఒక బీడీ పెట్టింది. ఎర్ర దారం కట్టిన బీడీ.

“నాకు అలవాటు లేదవ్వా.”

“నాకు తెల్వదా? ఇంటికి వోయినంక...”

మిగతా మాట జీపు చప్పుడులో కలిసిపోయింది.

ధర్మపురి దాటాక శ్రీలత దాన్ని డ్రైవర్ జలపతికి ఇచ్చింది. అతను అంటించి, రెండుసార్లు పీల్చి, కిటికీలోంచి విసిరేశాడు.

“ముసల్ది మోసం జేసింది మేడం. లోపల పొగాకే లేదు.”

జగిత్యాల దాకా ఇద్దరూ అదే చెప్పుకుని నవ్వుకున్నారు.

దసరా తర్వాత మళ్లీ వెళ్తే గట్లు చెక్కేసి ఉన్నాయి. తుంగ లేదు. నర్సక్కా లేదు.

“పోయిన నెల జరమొచ్చి సచ్చిపోయింది మేడం,” అంది కూలికి వచ్చిన బాలమణి. “దోమల బిడ్డ మల్ల రాలేదా అని ఒకటే అడుగుతుండె.”

ఆ ఆదివారం శ్రీలత కోరుట్లలో సార్ ఇంటికి వెళ్లింది.

“వెల్గటూర్‌ల మగ దోమ దొరకలేదు సార్. ఇగ దానికి పేరు రాదు.”

“వెల్గటూర్‌ల దొరకకపోవుడేంది శ్రీలతా? నా పురుగులన్నీ ఆ ఊరియే.”

“మీరెట్ల వట్టిండ్రు సార్?”

“నేనేడ వట్టిన? గంత సన్నటిదాన్ని రెక్క చెదరకుండ పట్టుడు మనతోని అయితదా? ఒక కూలామె తెచ్చిచ్చేది. అందరు సీసాలల్ల తెస్తరు గదా, ఆమె ఎట్ల తెచ్చేదో సూడు.”

సార్ బీరువాలోంచి పాత చెక్కపెట్టె తీసి మూత తెరిచారు.

లోపల వరసగా ఎర్ర దారం కట్టిన బీడీలు. సార్ ఒకదాని దారం విప్పితే పొగాకుకు బదులు రెక్క చెదరని పురుగు.