పదో పేజీ కింద వెంట్రుక

“అంత నొక్కకు. ఈగ వాలినట్టుండాలి,” అన్నాడు తాత వర్జిల్.

రేలిన్ కళ్ళు మూసుకుని, ఒళ్ళో ఉన్న టెలిఫోన్ డైరెక్టరీ మీద మూడు వేళ్ళు మెల్లగా జరిపింది. ట్రక్కు కాలేజీ ముందు ఆగి పావుగంటయింది. ఇంటర్వ్యూకి ఇంకో పావుగంటే ఉంది.

“ఇక్కడ.”

“ఇంకాస్త ఎడమకి.”

“ఇక్కడా?”

“అదీ. తొమ్మిది పేజీలు.” తాత డైరెక్టరీ లాక్కుని టపీమని మూసేశాడు. “ఇక కళ్ళు తెరువు. కాలరు సర్దుకో.”

ఆ కొండల్లో ఆ ఆస్టియోపతీ కాలేజీ గురించి తెలియనివాళ్ళు లేరు. డాక్టర్లందరూ చదివేదే అక్కడా చదివిస్తారు, పైగా ఎముకనీ కండనీ చేత్తో తడిమి రోగం పట్టడం నేర్పుతారు. ఇంటర్వ్యూలో ఏమడిగినా అడక్కపోయినా, చివర్లో డాక్టర్ ప్రూయిట్ అనే పెద్దావిడ ఫోన్ డైరెక్టరీ తెచ్చి, పేజీల కింద ఒక వెంట్రుక పెట్టి, పైనుంచి వేళ్ళతో తడిమి ఎక్కడుందో చెప్పమంటుందని ప్రతీతి. రేలిన్ పదకొండు కాలేజీలకు దరఖాస్తు పెట్టింది. పిలిచింది ఇదొక్కటే. ఇదీ పోతే మళ్ళీ ఏడాదంతా అంబులెన్స్ ఉద్యోగమే.

పిలుపు వచ్చిన రోజు ఎగిరి గంతేసిన పిల్ల, పదిరోజులకే నీరుగారిపోయింది. తన వెంట్రుకే పీకి పెట్టుకుని చూస్తే, రెండు పేజీల కింద కూడా వేలికి తగల్లేదు.

“నావి మొద్దు చేతులు తాతా. రానని రాసేస్తాను,” అంటూ ఫోన్ తీసింది.

వర్జిల్ ముప్ఫై ఏళ్ళు బొగ్గుగనిలో పైకప్పు చూసిన మనిషి. ఒక చెయ్యి పైరాతికి ఆనించి, రెండో చేత్తో ఇనపకడ్డీ పెట్టి తట్టి, రాయి నిలుస్తుందో ఊడుతుందో చెప్పేవాడు. ఆయన సరేనన్నాకే మిగతావాళ్ళు ఆ కప్పు కింద అడుగుపెట్టేవాళ్ళు. చేతుల సంగతిలో ఆయన మాటకి ఇంట్లో తిరుగులేదు.

“రేపట్నుంచి వెంట్రుక నేను పెడతా. నువ్వు కళ్ళు మూసుకుని వెతుకు. నేను పుస్తకం మూసేదాకా తెరవొద్దు. కన్ను చూస్తుంటే చెయ్యి బద్ధకిస్తుంది,” అన్నాడు.

“ఆ నున్నటి గుండు మీద వెంట్రుకలెక్కడివో?” అంది నానమ్మ ఓపల్.

అంటూనే తన దువ్వెనలోంచి పన్నెండు తెల్ల వెంట్రుకలు ఏరి, బొంత కుట్టగా మిగిలిన గుడ్డతో చేసిన చిన్న సంచీలో వేసి, మూతికి ఎర్రదారంతో మూడు కుట్లు వేసి ఇచ్చింది. చేతికి ఏది దొరికినా కుట్టేయడం ఆవిడకి అలవాటు. “కత్తెరతో తెరువు. పీకావంటే అన్నీ ఎగిరిపోతాయి. ఇంకో పన్నెండు ఇవ్వడానికి నా నెత్తినా ఏం లేదు.”

వర్జిల్ సంచీని చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆ మర్నాటినుంచి రోజూ చిక్కుడుగింజల పులుసు తిన్న గిన్నెలు తియ్యగానే బల్ల మీదకి డైరెక్టరీ వచ్చేది. మొదటి రోజే రెండు పేజీలు. వారంలో నాలుగు. “ఇంకాస్త కిందకి... అదీ,” అనేవాడు తాత. నెల తిరిగేసరికి ఎనిమిది, తొమ్మిది. రేలిన్ నడకే మారిపోయింది. అంబులెన్స్‌లో నాడి చూసేటప్పుడు కూడా కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ట్రక్కులో, “వెళ్ళు. నేనిక్కడే ఉంటా,” అని తాత నానమ్మ కట్టిచ్చిన ఆపిల్ మిఠాయి డబ్బా మూత తీశాడు.

లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో డాక్టర్ ప్రూయిట్.

“చదువయ్యాక పట్నం పోతావా, అమ్మాయ్?”

“మా లోయ నుంచి ఆసుపత్రికి గంటా ఇరవై నిమిషాలండీ. నాలుగేళ్ళుగా అంబులెన్స్‌లో పనిచేస్తున్నా. ఆ గంటలో మనుషులు ఏమైపోతారో చూశాను. ఇంకెక్కడికి పోతాను?”

పక్కనున్న ఇద్దరూ ఏదో రాసుకున్నారు. ప్రూయిట్ సొరుగు లాగి డైరెక్టరీ తీసింది. రేలిన్ కుర్చీ ముందుకి జరుపుకుంది.

“ఎన్ని పేజీల కింద పెట్టమంటావు?”

“పది.”

ఆవిడ కళ్ళజోడు కిందకి జారింది. “మా రెండో ఏడాది పిల్లలు ఆరు దగ్గరే చేతులెత్తేస్తారు.”

“తొమ్మిది దాకా మా తాత చేయించారండీ.”

ప్రూయిట్ తన తలలోంచి ఒక వెంట్రుక పీకింది. రేలిన్ కళ్ళు మూసుకుంది. గదిలో గడియారం చప్పుడు కూడా వినడం మానేసింది. కాగితం, కాగితం, కాగితం. ఎంతసేపటికో వేలి కింద సన్నటి గీతలాంటిది లేచినట్టనిపించింది.

“ఇక్కడ.”

‘ఇంకాస్త ఎడమకి’ అనేవాళ్ళు అక్కడ లేరు. ప్రూయిట్ ఆ చోట గుండుసూది గుచ్చి తీసి, పేజీలు ఒక్కొక్కటే లెక్కపెడుతూ తిప్పింది. పదో పేజీ తిప్పాక, సూది పడిన చిల్లు పక్కనే వెంట్రుక ఉంది.

“ఉత్తరం గురువారం వస్తుంది. ఈలోగా ఈ ఊళ్ళో అద్దెకి గది చూసుకో,” అంది ఆవిడ.

రేలిన్ మెట్లు రెండేసి చొప్పున దూకి ట్రక్కులో పడింది.

“పది తాతా! పది పేజీలు!”

వర్జిల్ చేతిలోని మిఠాయి ముక్క నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. “పదా? నిజంగా తగిలిందా?”

“పేజీలు తిప్పి చూపించారు.”

ఆయన మనవరాలి చెయ్యి తీసుకుని, వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“నానమ్మ వెంట్రుకలు ఏమైనా మిగిలాయా? ఆ సంచీ నాకియ్యి. కాలేజీకి తెచ్చుకుని దాచుకుంటాను,” అందామె.

“ఇప్పుడెందుకూ, ఇంటికెళ్ళాక చూద్దాం,” అని వర్జిల్ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

రేలిన్ నవ్వుతూ ఆ చెయ్యి తప్పించి సంచీ లాగేసింది.

ఎర్రదారం మూడు కుట్లూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.